పాఠం కింద పచ్చపట్టీ

ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు మీడియం హైస్కూల్లో సోషల్ చెప్పే ఢిల్లీశ్వరరావు మాస్టారు దొంగతనం చేశాడంటే ఎవరూ నమ్మరు. పక్కింటి జామకాయ రాలి తన గోడకు ఇవతల పడితే, పిలిచి మరీ చేతిలో పెట్టే మనిషి ఆయన. పైగా ఆయన తీసుకున్నది ఉచితంగా పంచిపెడుతున్న సరుకు. ఉచితంగా ఇచ్చేదాన్ని కూడా తప్పుడు చేత్తో తీసుకోవచ్చునని ఆయనకు యాభై రెండో ఏట గాని తెలిసిరాలేదు.

ఆ బడికి తెలుగు పుస్తకాలు వేళకు రావడమనేది ఎన్నడూ లేదు. పై తరగతి పిల్లల దగ్గర అట్టలు ఊడినవి అడిగి తేవడం, అవీ చాలకపోతే ఒడియా పుస్తకం బల్ల మీద తెరిచిపెట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పుకుపోవడం ఆయనకు ఇరవయ్యేళ్ల అలవాటు. కష్టమైన అలవాటే, కాని మంచిది. కళ్లెదుట ఒడిశా పుస్తకం ఉండేది కనక ఒడిశా సంగతే నోట్లోంచి వచ్చేది. కరోనా వచ్చి బడి మూతపడి, పాఠాలు ఫోన్లో పంపమన్నాక ఆ అలవాటు కాస్తా పోయింది.

అప్పుడే ఆయనకు ఇంటర్నెట్లో ఒక వెబ్‌సైటు దొరికింది. కృష్ణా జిల్లాలో రిటైరైన టీచర్లు నలుగురైదుగురు కలిసి నడుపుతున్నారు. చరిత్ర, పౌరశాస్త్రం, పటాలు, ప్రశ్నలు, జవాబులు, సమస్తం తెలుగులోనే, రంగుల బొమ్మలతో సహా. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు, మా పేరు మాత్రం తీసెయ్యకండి అని రాసుకున్నారు పాపం. ప్రతి పేజీ అడుగునా ఒక పచ్చపట్టీ, అందులో వాళ్ల పేర్లు, పేర్ల కింద ఏవో సన్నటి అక్షరాలు.

మొదట్లో మాస్టారు వాటిని ఉన్నవి ఉన్నట్టే తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. ఒకరోజు హెడ్‌మాస్టరు ఫోన్ చేసి, "ఎవరివో నోట్సులు పంపుతున్నారు, మరి మీరేం చేస్తున్నట్టండీ?" అన్నాడు. ఆ మాట మాస్టారికి గుచ్చుకుంది. మర్నాటి నుంచి పచ్చపట్టీ కత్తిరించి, పేజీ నెత్తిన "ఢిల్లీశ్వరరావు, ఎం.ఏ., బి.ఇడి., బరంపురం" అని టైపు చేయసాగారు. ఫోన్లో వేలితో కిందినుంచి పైకి ఒక్క గీత గీస్తే చాలు, పట్టీ మాయం. అంత తేలికైన పని తప్పు పని అవుతుందని ఎవరికి తోస్తుంది?

ఆ పేరుతో నోట్సులు ఊళ్లు తిరిగాయి. గంజాం నుంచి ఎవరో, భంజనగర్ నుంచి ఇంకెవరో, "మా పిల్లలకి కూడా పంపుతారా సార్" అని అడగడం మొదలుపెట్టారు. మాస్టారు కూరల బజారుకు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవారు. బ్యాంకులో పనిచేసే ఆయన భార్య ఉమాదేవి అది చూసి, "గ్రంథకర్తగారూ, వంకాయలు పుచ్చులు లేకుండా చూసి తెండి" అని ఆటపట్టించేది. ఆయన నవ్వి ఊరుకునేవారు గాని, ఆ బిరుదు ఆయనకు లోలోపల తియ్యగానే ఉండేది.

డిసెంబరు మొదట్లో ఒక ఉదయం ఫోన్ మోగింది.

"మాస్టారూ, నాను లక్ష్మీప్రసన్న అమ్మనండి, పుణ్యవతిని. మార్కండి అవతల పల్లి నుండి మాటాడుతున్నాను."

"చెప్పండమ్మా. పాప ఫోన్ క్లాసులకి సరిగ్గానే వస్తోంది."

"దాని గురించి కాదండి. మీ పాఠం నాను సదివినాను."

మాస్టారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. తల్లులు ఫోన్ చేసి ఫీజుల సంగతీ, నెట్ రావడం లేదన్న సంగతీ చెబుతారు గాని, పాఠం చదివానని ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

"నాను బడికెల్లిన మనిసిని కాదండి. ఎండుసేపలమ్ముకుంతాను. బడి మూసీసినాక మా పాప హాస్టల్ నుండి ఇంటికొచ్చీసింది గదా, బడి తెరిచినా హాస్టల్ ఇంకా తెరవనేదు, సాయంత్రాలు కూకోబెట్టి నాకు అచ్చరాలు నేర్పినాది. నాలుగు నెలలకి వొచ్చీసింది. ఇప్పుడు మీ పాఠాలన్నీ నానే గట్టిగా సదువుతాను, అది ఇని రాసుకుంతాది."

"ఓహో! చాలా సంతోషం అమ్మా."

"మరేటంటే మాస్టారూ, పంచాయతీల పాఠంలో రాసినారు గదా. సర్పంచికి నిలబడాలంటే ఇరవయ్యొక్క ఏళ్లు నిండాల, ఊల్లో ఓటుండాల, ఇద్దరికి మించి పిల్లలుండకూడదు, సదువు ఇంత ఉండాలని ఏటీ నేదు అని. అయన్నీ నాకున్నాయండి. ఈపాలి మా సీటు ఆడోల్లకొచ్చింది. మంచినీల్ల పైపు మా వీదికి ముందే ఆగిపోనాది, ఆరేల్లయింది. ఎవుల్నడిగినా సూద్దాం అంతారు. నిలబడమని మా ఆడోల్లందరూ అంతన్నారు. ఇంకేటైనా కావాలేటి మాస్టారూ, ఇయి సాలునా?"

అంత తిన్నగా అడిగింది ఆమె. తిన్నగా అడిగిన ప్రశ్నకు, "ఒక్క రోజు ఆగండమ్మా, చూసి చెబుతాను" అంటే సరిపోయేది. కాని మాస్టారప్పుడు పొంగిపోయి ఉన్నారు. తన పాఠం చదివి ఒక మనిషి సర్పంచి కాబోతోంది!

"ఇంకేమీ అక్కర్లేదు. నేను రాశాను కదా అందులో! నిబ్బరంగా వెళ్లి నామినేషన్ వెయ్యండి" అన్నారు.

జనవరిలో మూడో విడత కరోనా అంటూ బడులు మళ్లీ మూశారు, పంచాయతీ ఎన్నికలు మాత్రం ఆగలేదు. పుణ్యవతి నామినేషన్ వేసింది. ఒడియా ఫారాన్ని ఎవరో నింపిపెడితే అడుగున తెలుగులో సంతకం చేసింది, ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. పరిశీలన రోజుకు మాస్టారిని రమ్మంది. "మీరుంటే నాకు దైర్నం" అంది. ఆయన ఇస్త్రీ చొక్కా, దానికి జతైన రంగు మాస్కు వేసుకుని, మార్కండి దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లారు.

పంచాయతీ ఆఫీసు ముందు పల్లె ఆడవాళ్లు పదకొండు మంది ఉతికిన చీరలు కట్టుకుని నిలబడి ఉన్నారు. పుణ్యవతిని ఆయన చూడటం అదే మొదలు. ముప్పై అయిదేళ్లుంటాయి, పొట్టి మనిషి, నడకలో చురుకు. ఆమెకు ఎదురు పోటీ ఒక్కర్తే, పెద్ద ఊళ్లో పడవల యజమాని కోడలు సుశ్మిత, కాలేజీ చదువుకున్న అమ్మాయి. ఎన్నికల అధికారి పూర్ణచంద్ర బాబు పెద్దవాడు, మెత్తటి మనిషి. వచ్చినవాళ్లందరినీ కూర్చోమన్నాడు.

సుశ్మితకు ఒడియాలో అచ్చువేసిన కాగితం ఒకటిచ్చి చదవమన్నాడు. ఆ అమ్మాయి గడగడా చదివింది, రెండు వాక్యాలు చెబితే రాసి చూపింది. తరవాత అదే కాగితం పుణ్యవతి ముందు పెట్టాడు.

"మా, ఎయిటా టికె పఢన్తు" అన్నాడు, కొంచెం చదవమ్మా అని.

పుణ్యవతి కాగితం అందుకుని, చూసి, కింద పెట్టింది. ఒడియాలోనే, తడుముకోకుండా, తనకు ఒడియా మాట్లాడటం చిన్నప్పటి నుంచీ వచ్చుననీ, చదవడం మాత్రం తెలుగులో నేర్చుకున్నాననీ చెప్పింది. ఆయన తటపటాయించాడు. సరే, నేను చెప్పేది రాయండన్నాడు. మన పంచాయతీలో అందరం కలిసిమెలిసి ఉంటాం అని అర్థం వచ్చే వాక్యం ఒకటి ఒడియాలో చెప్పాడు. పుణ్యవతి కలం పట్టుకుని, కాగితం మీదకు వంగి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసి, ఆయన వైపు తిప్పింది.

"ఆమ పంచాయతరె సమస్తె మిళిమిశి రుహన్తి." మాటలు ఒడియావి, అక్షరాలు తెలుగువి. వెనక నుంచి తొంగి చూసిన మాస్టారికి అందులో ఒక్క గుణింతం తప్పు కనిపించలేదు.

పూర్ణచంద్ర బాబు కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఆ పైన చట్టం పుస్తకం తెరిచి, వేలుపెట్టి చూపించి, సర్పంచిగా నిలబడేవారికి ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలనీ, తన చేతిలో ఏమీ లేదనీ మర్యాదగానే చెప్పాడు. నామినేషన్ చెల్లదన్నాడు.

ఆ క్షణానే ఢిల్లీశ్వరరావుకు అంతా అర్థమైపోయింది. అది ఆంధ్రా పాఠం. ఆంధ్రాలో కూర్చుని ఆంధ్రా పిల్లల కోసం రాసిన పాఠాన్ని గంజాం జిల్లా పిల్లల నెత్తిన, గంజాం జిల్లా చేపలపల్లె మనిషి నెత్తిన రుద్దాడు తను.

పుణ్యవతి వెనక్కి తిరిగింది. "మాస్టారూ, సెప్పండి ఈ బాబుకి. పాఠంలో ఈ మాట నేదు గదా?"

అందరూ ఆయన వైపే చూశారు. అధికారి చూశాడు, సుశ్మిత చూసింది, గుమ్మంలో పదకొండు మంది ఆడవాళ్లూ చూశారు. నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆయన నోటికి వేరే మాటలు అందాయి.

"ఉండే ఉంటుందమ్మా. మీరు సరిగ్గా చూసి ఉండరు."

పుణ్యవతి ముఖంలో కోపం రాలేదు. ఏదో లెక్క సరిపోయినట్టు తలాడించింది. "అవునండి. కొత్త సదువు గదా, ఎక్కడో దాటేసుంటాను" అంది. గుమ్మంలో ఒక ముసలామె, "ఒలమ్మా, సదువొచ్చు సదువొచ్చు అని మనందర్నీ ఇంత దూరం తెచ్చినాదే" అని గొణిగింది. మాస్టారు నేల చూపులు చూస్తూ బయటికొచ్చారు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గాని, దారి పొడుగునా ఆయన కంటికి ఏదీ ఆనలేదు.

ఇంటికి రాగానే వెబ్‌సైటు తెరిచి అసలు పాఠం చూశారు. అడుగున పచ్చపట్టీ, పేర్ల కింద సన్నటి అక్షరాలు. ఇన్నాళ్లూ చదవకుండానే కత్తిరించిన అక్షరాలు. "ఈ పాఠంలోని అర్హతలు ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం రాసినవి. ఇతర రాష్ట్రాల్లో నియమాలు వేరుగా ఉంటాయి. అక్కడి పిల్లలకు బోధించేవారు తమ రాష్ట్ర చట్టం చూసి మార్చుకోవాలి."

ఆ రిటైరైన టీచర్లు ఎంత జాగ్రత్త మనుషులు! ఎక్కడో తమలాంటి తెలుగువాళ్లుంటారని, వాళ్లకీ పాఠం చేరుతుందని తలచుకుని మరీ రాశారు. ఒడిశా చట్టం కూడా నెట్లో ఉచితంగానే ఉంది. వెతికితే అయిదు నిమిషాలకు దొరికింది. పుణ్యవతి ఫోన్ చేసిన రోజు నుంచి పరిశీలన రోజు దాకా ఎన్ని రోజులో ఆయన కేలెండరు ముందు నిలబడి లెక్కపెట్టారు. నలభైకి పైనే ఉన్నాయి. ఒడియా మాట పుట్టుక నుంచీ వచ్చిన మనిషి, నాలుగు నెలల్లో తెలుగు చదివేసిన మనిషి, నలభై రోజుల్లో ఒడియా అక్షరాలు నేర్చుకోలేకపోయేదా?

సుశ్మిత ఏకగ్రీవంగా గెలిచింది. మాస్టారు గ్రూపులో సవరణ పెడదామని నాలుగుసార్లు టైపు చేశారు, నాలుగుసార్లూ చెరిపేశారు. "పై పాఠంలో చిన్న పొరపాటు దొర్లింది" అని మొదలుపెట్టేసరికి ఆ చిన్న అనే మాట దగ్గర వేలు ఆగిపోయేది.

ఫిబ్రవరిలో బడి తెరిచారు. లక్ష్మీప్రసన్న హాస్టల్‌కు తిరిగొచ్చింది. ఇంటర్వెల్లో ఆయనే పిలిచి, "అమ్మ ఎలా ఉందమ్మా? చదువుతోందా?" అని అడిగారు.

పిల్ల తల దించుకుంది. "మానీసిందండి."

"ఏం?"

"నాకు సరిగ్గా రాదు, అందరి ముందరా మాస్టారే సెప్పినారు గదా అంటాదండి. నాను మల్లీ సదివి సూపించినాను, పాఠంలో ఆ మాట నేదమ్మా అని. మాస్టారు అబద్దమాడతారేటే అని..." పిల్ల ఆగింది. "దగ్గిరుండి తప్పు నేర్పినావని నన్ను కొట్టినాదండి. ఎప్పుడూ కొట్టదు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం బాక్సు మూత తీయకుండానే ఇంటికి తెచ్చారు. ఉమాదేవి మూత తీసి చూసి, ఎదురుగా కూర్చుని, జరిగిందంతా ఒక్కో ముక్కే రాబట్టింది. ఈసారి ఆటపట్టించలేదు.

"ఆవిడతో చెప్పారా?"

"ఇప్పుడు చెబితే ఏం లాభం? ఎన్నిక అయిపోయింది."

"లాభం సంగతి నేనడగలేదు. చెప్పారా అని అడిగాను."

"చెప్పలేదు."

"మీరు పట్టీ కత్తిరించింది తెలియక. ఆఫీసులో అన్న మాట తెలిసే అన్నారు." అంతే అంది. బాక్సు కడగడానికి వెళ్లిపోయింది. ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆదివారం బయల్దేరారు. పిల్ల సెలవుకు ఇంటికి వెళ్లి ఉంటుందని తెలుసు. పల్లెలో ఇసక మీద వలలు పరిచి ఆడవాళ్లు చేపలు ఎండబెడుతున్నారు. పుణ్యవతి ఆయన్ని చూసి గబగబా చేతులు కడుక్కుని, కుర్చీ ఒకటి తెచ్చి నీడలో వేసింది. లోపలికి కేకేసి మంచినీళ్లు తెమ్మంది. లక్ష్మీప్రసన్న స్టీలు గ్లాసుతో తెచ్చింది. మైలు దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు. ఆయన తాగలేక, తాగకుండా ఉండలేక, గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

"ఇంత దూరం ఒచ్చినారు, ఏటి మాస్టారూ? పాప బాగా సదవట్లేదేటి?"

"పాపది కాదమ్మా తప్పు. మీదీ కాదు. ఆ పాఠం నేను రాసింది కాదు. ఆంధ్రావాళ్లు రాశారు. ఇతర రాష్ట్రాల్లో నియమాలు వేరని వాళ్లు అడుగున రాసే ఉంచారు. నా పేరు పెట్టుకోవడానికి ఆ అడుగు భాగం నేను కోసేశాను. మీకు చేరిన పాఠంలో ఆ మాట లేదు. మీరు సరిగ్గానే చదివారు."

పుణ్యవతి ఆయన కళ్లలోకి చూసింది. ఆయన ఇంకా చెప్పబోయారు, క్షమించమని అడగబోయారు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆ దినం అందరి ముందరా అన్నారు గదా, సరిగ్గా సూడనేదని?"

"అన్నాను."

"అయితే ఇదీ అందరి ముందరే సెప్పండి."

వలల వైపు తిరిగి కేకలేసింది. ఒక్కొక్కరే వచ్చారు, చేతులు చీరలకు తుడుచుకుంటూ. గొణిగిన ముసలామె కూడా వచ్చింది. కూతుర్ని పిలిచి తన పక్కనే నిలబెట్టుకుంది. మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఇరవయ్యేళ్లు తరగతుల ముందు నిలబడ్డ మనిషికి ఆ పదిమంది ముందు నిలబడటం కష్టమైంది. ఎలాగో చెప్పారు. రెండోసారి చెప్పినప్పుడు మాటలు మరీ చిన్నవయ్యాయి. నేను కోసేశాను. నాకు తెలిసీ అబద్ధమాడాను. ఈవిడ తప్పు చదవలేదు.

ముసలామె ఆయన ఇస్త్రీ చొక్కాను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"కోసేసిందేటో సూపించండి" అంది పుణ్యవతి.

ఆయన ఫోన్లో అసలు పాఠం తెరిచి, అడుగుకు జరిపి, పచ్చపట్టీ మీద అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చారు. ఆమె ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది. ఎండ తగలకుండా వీపు తిప్పి, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"ఈ పా-ఠం-లో-ని అ-ర్హ-త-లు..."

ఒత్తుల దగ్గర ఆగుతూ, మళ్లీ పట్టుకుంటూ, ఎవరి సాయమూ అడక్కుండా చదివింది. ఆంధ్రప్రదేశ్ దగ్గర ఒకసారి ఊపిరి తీసుకుంది. తల్లి పెదవులతో పాటే లక్ష్మీప్రసన్న పెదవులూ కదులుతున్నాయి గాని, పిల్ల పైకి అనలేదు. మార్చుకోవాలి అన్న చివరి మాట దాకా చదివి, పుణ్యవతి తలెత్తింది.

"ఏటైనా తప్పు సదివినానా మాస్టారూ?"

"లేదమ్మా. ఒక్కటీ లేదు."

ఆమె ఫోన్ తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే ఇంక ఎల్లండి" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేది.